మిద్దె మీద మిషన్

మగ్గాల వీధిలో తెల్లది ఏదైనా సరే, పొద్దు గూకేసరికి దాని మీద గుడ్డ పడాల్సిందే. బెంగళూరు పక్కనున్న దొడ్డబళ్ళాపురంలో ఆ వీధివాళ్ళకు ఇది ఎవరో కూర్చోబెట్టి చెప్పిన శాస్త్రం కాదు, నష్టపోయి నేర్చుకున్న బుద్ధి. వీధి చివర గోడ అవతల బట్టలకు రంగులద్దే ఫ్యాక్టరీ ఉంది. దాని పొగగొట్టం రాత్రంతా కక్కే మసి మగ్గం మీది తెల్లపట్టు పడుగు మీద వాలిందంటే దులిపినా పోదు, తుడిస్తే ఇంకా పాకుతుంది. అలాంటి చీరను షావుకారు చేత్తో కూడా ముట్టడు. అందుకని ప్రతి ఇంట్లోనూ పలచని పాతచీర ఒకటి తడిపి పిండి, పడుగుకు తగలకుండా పైన తాళ్ళకు కట్టి పడుకుంటారు. తెల్లారి విప్పి ఉతుక్కుంటారు.

మునినారాయణప్ప ఇంట్లో ఆ పని నంజమ్మది. ఇంకొకరు కడితే ఆమెకు నిద్ర పట్టదు. అన్నం గిన్నె మీద మూత మరిచిపోతుందేమో గానీ పడుగు మీద గుడ్డ మరిచిపోయిన రోజు లేదు. ఆమె కప్పిన మగ్గం మీద మసి మచ్చ చూపిస్తే మీసం తీసేస్తానని పక్కింటి సుబ్బరాయుడు పందెం కాసేవాడు. అతనికి మీసం లేదన్నది వేరే సంగతి.

పడుగును కాపాడుకోవడానికి గుడ్డ ఉంది గానీ, రొమ్ములోకి పోయే పొగకు అడ్డం కట్టే గుడ్డ ఏ నేతగాడూ నేయలేదు. నంజమ్మకు మొదట దగ్గు వచ్చింది. తరవాత ఆయాసం వచ్చింది. ఆ తరవాత వీధి కొళాయి దగ్గర్నుంచి బిందె తెచ్చేలోగా రెండుసార్లు కూర్చోవలసి వచ్చింది. బెంగళూరు పెద్దాసుపత్రిలో డాక్టరు ఆమెను వరండాలో కూర్చోమని పంపి, మునినారాయణప్పను మాత్రం లోపల ఉంచాడు. ఆ పొగలోనే ఉంటే రెండేళ్ళు, మహా అయితే. గాలి మారితే మాత్రం చాలాకాలం బతుకుతుందన్నాడు. ఆ మాట అతను గుండెలో దాచుకుని బయటికొచ్చి, "ఏం లేదంట, మందులు మింగితే చాలంట" అన్నాడు.

గాలి మార్చి కూడా చూశారు. కాడుగోడిలో నంజమ్మ తమ్ముడింట్లో ఒక నెల పెట్టారు. అక్కడ రైల్వేస్టేషను పక్కన దుమ్ముకేమీ కరువు లేదు. అయినా ఆమె మెట్లెక్కింది, దిగింది, మరదలితో కలిసి సంతకు పోయి కూరగాయలు మోసుకొచ్చింది. చూడ్డానికి వెళ్ళిన మునినారాయణప్పకు కళ్ళు చెమర్చాయి. కానీ తమ్ముడిది రెండు గదుల అద్దె ఇల్లే, అందులోనే ఆరుగురు. ఇక్కడేమో కండెలు చుట్టేవాళ్ళు లేక మగ్గాలు మూలిగాయి. ఇల్లు అమ్ముకుని పోదామంటే ఆ మసి వీధిలో ఇల్లు కొనే మొనగాడెవడు? నెల తిరగ్గానే ఆమె మూట సర్దుకుని తనంతట తనే బస్సెక్కి వచ్చేసింది. వచ్చిన వారానికి దగ్గూ వచ్చింది.

కాబట్టి మిగిలింది ఒక్కటే దారి. ఆ పొగ ఆగాలి. ఆగకపోతే నంజమ్మ పోతుంది. మునినారాయణప్పకు లోకంలో తక్కిన విషయాలన్నీ ఈ రెండు వాక్యాల తరవాతే.

అర్జీలు పెట్టాడు. కాలుష్య నియంత్రణ బోర్డు ఆఫీసు మెట్లు అరిగేలా తిరిగాడు. ఆఫీసర్లు రాలేదా అంటే వచ్చారు, పాపం వాళ్ళ తప్పేమీ లేదు. పొగగొట్టానికి ఎత్తులో ఒక కన్నం ఉంటుంది. ఇనుప మెట్లెక్కి అందులోకి గొట్టం దూర్చి, పొగను పీల్చి కొలుస్తారు. అయితే వాళ్ళు వచ్చే రోజు ఫ్యాక్టరీకి ముందే తెలుస్తుంది. ఎలా తెలుస్తుందని అడగడం, పాలు ఏ ఉట్టిలో ఉన్నాయో పిల్లికెలా తెలుసని అడగడమే. ఆ రోజు బాయిలరులో బాగా ఎండిన నీలగిరి కట్టెలు పడేవి. పొగగొట్టం పెళ్ళిచూపులకు ముస్తాబైన పిల్లలా తలొంచుకుని ఉండేది. ఆఫీసర్లు కొలుచుకుని, కాఫీ తాగి పోయేవాళ్ళు. చీకటి పడ్డాక మళ్ళీ మామూలే, గుడ్డపేలికలు, ప్లాస్టిక్కు, అరిగిన టైర్లు. ఇది చాలదన్నట్టు పొగగొట్టానికే తగిలించిన మీటరొకటి ఉంది. అది గంటగంటకూ బోర్డుకు లెక్క పంపుతుంది. హద్దు దాటిందని ఏనాడూ చెప్పిన పాపాన పోలేదు.

బోర్డులో అశోక్‌కుమార్ అనే ఆఫీసరు కొత్తగా వచ్చాక కథ కొంచెం కదిలింది. మనిషి మెతక, కానీ మాట వింటాడు. ఒకరోజు మునినారాయణప్పను కూర్చోబెట్టి కన్నడలో విషయం చెప్పాడు. ఫ్యాక్టరీ లైసెన్సు పొడిగించే గడువు వచ్చింది. ఈసారి పొగగొట్టం దగ్గర కాకుండా వీధిలోనే గాలి కొలుద్దాం. ఒక పగలూ ఒక రాత్రీ మీ మిద్దె మీదే మిషన్ పెడదాం. ఫ్యాక్టరీకి చెప్పం. మసి హద్దు దాటి ఉంటే లైసెన్సు ఆగుతుంది, పొగకు తగిన ఏర్పాటు చేసేదాకా బాయిలరు వెలగదు. లేకపోతే మాత్రం నేను చేయగలిగింది ఏమీ ఉండదు.

"ఒక్క రాత్రి చాలు సార్" అన్నాడు మునినారాయణప్ప. "ఒక్క రాత్రి మా మిద్దె మీద పండుకుంటే మీకే తెలుస్తాది."

మిషన్ తెచ్చింది వైట్‌ఫీల్డ్‌లోని ఒక ప్రైవేటు ల్యాబ్ నుంచి, రంజిత అనే అమ్మాయి. వాళ్ళవాళ్ళది అనంతపురం వైపు, చదువూ ఉద్యోగమూ ఇక్కడే. డ్రైవరూ తనూ కలిసి మనిషంత ఎత్తు పెట్టెను మిద్దె మీదికి మోసి, నీళ్ళ ట్యాంకు చాటున నిలబెట్టారు. కింద వరసగా గాజు సీసాలు, వాటిలో నీళ్ళలాంటి మందు. పైన చిన్న ఇంటికప్పులాంటి మూత. రంజిత చేతులకు తొడుగులేసుకుని, కవర్లోంచి ఒక తెల్లకాగితాన్ని పట్టకారుతో పట్టి తీసి, అంచులు నలగకుండా మూత కింద పరిచి బిగించింది.

నంజమ్మ గోడ పట్టుకుని మెట్లెక్కి వచ్చి ఇదంతా చూస్తూ నిలబడింది. ఆ కాగితం తెలుపు ఆమెకు నచ్చింది. మొదటిరకం పట్టుకు కూడా అంత తెలుపు రాదు.

"పాపా, చేత్తో ముట్టకూడదా దాన్ని?"

"అస్సలు ముట్టకూడదు ఆంటీ. చాలా డెలికేట్. వేలిముద్ర పడినా వేస్టయిపోతుంది, మళ్ళీ నా జాబ్‌కే ప్రాబ్లం" అని నవ్వింది రంజిత.

"అబ్బ, మా పడుగు మాదిరే ఉండాదే" అంది నంజమ్మ.

గాలి ఆ కాగితంలోంచే పోతుందనీ, దాని మీద పడ్డ మసినే తూచి లెక్క కడతారనీ రంజితకు తెలుసు. అశోక్‌కుమార్‌కు తెలుసు. ఆఫీసు బెంచీల మీద కూర్చుని కూర్చుని మునినారాయణప్పకూ, తోడు పోయే సుబ్బరాయుడికీ తెలుసు. అందరికీ తెలిసిన విషయం కాబట్టి నంజమ్మకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. పొగను పట్టేది ఆ గాజు సీసాలని ఆమె అనుకుంది. అందులో మందు బుడబుడమంటోంది మరి. ఎవరైనా అలాగే అనుకుంటారు.

సాయంత్రం కాగితం మార్చి, పొద్దున్నే వస్తానని చెప్పి రంజిత ల్యాబ్‌కు వెళ్ళింది. పోతూ పోతూ మునినారాయణప్పకు ఒక మాట అప్పగించింది. "అంకుల్, ఎవరూ పైకి రాకుండా చూసుకోండి. రేపు మీరే విట్‌నెస్‌గా సైన్ చేయాలి."

అతనికి అంతకంటే కావలసిందేముంది. వీధి వాకిట్లో కుర్చీ వేసుకుని, ఒళ్ళో దుడ్డుకర్ర పెట్టుకుని రాత్రంతా కాపలా కాశాడు. ఫ్యాక్టరీ మనుషులు మసి అణగాలని నీళ్ళు చల్లుతారేమో, కరెంటు తీసేస్తారేమో అని వచ్చేపోయే ప్రతి బండినీ గుడ్లురిమి చూశాడు. ఆ రాత్రి పొగగొట్టం తన నిజరూపం చూపించింది. ముద్దలు ముద్దలుగా వస్తున్న ఆ నల్లపొగను చూసి మునినారాయణప్ప జన్మలో మొదటిసారి సంతోషపడ్డాడు. ఇంకా రా, ఇంకా దిగు అని దాన్ని మనసులోనే పిలిచాడు. కళ్ళు మండుతుంటే తుడుచుకుని మళ్ళీ పిలిచాడు. పొద్దున రంజిత వచ్చి కాగితాన్ని కవర్లో పెట్టి సీలు వేసింది. మిషన్‌ను ఎవరూ ముట్టలేదని అతను గుండ్రటి అక్షరాలతో సంతకం చేశాడు.

ఫలితం వచ్చింది. గాలి హద్దులోనే ఉంది. పగటి లెక్క కంటే రాత్రి లెక్క ఇంకా మేలుగా ఉంది.

అశోక్‌కుమార్ ఆ ముక్క చెప్పినప్పుడు మునినారాయణప్ప రెండోసారి చెప్పమన్నాడు. రెండోసారీ అదే చెప్పాడు. ఫ్యాక్టరీకి లైసెన్సు పొడిగించారనీ, తన చేతుల్లో ఇంకేమీ లేదనీ కూడా చెప్పాడు. అతని ముఖంలోనూ వెలుగు లేదు.

మునినారాయణప్ప ఆఫీసు నుంచి ఇంటికి రాలేదు. తిన్నగా వైట్‌ఫీల్డ్ బస్సెక్కాడు. ల్యాబ్ గేటు దగ్గరే రంజితను నిలదీసి, కడుపులో ఉన్నదంతా కక్కాడు.

"ఎంత ఇచ్చినారమ్మా నీకు? మాదీ ఒక ప్రాణమే కదా. నీకు కాఫీ కాసి ఇచ్చిన మనిషి ప్రాణం."

ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ జవాబు మాత్రం నెమ్మదిగానే చెప్పింది. "నేను ఎవరి దగ్గరా ఒక్క రూపాయి తీసుకోలేదు అంకుల్. నాకూ డౌట్ వచ్చింది. రాత్రి పేపరు అంత తెల్లగా ఉంటుందనుకోలేదు. మోటారు కొంచెం బరువుగా లాగినట్టు గ్రాఫ్‌లో ఉంది, మీ ఏరియాలో వోల్టేజ్ ప్రాబ్లం అనుకున్నా. నిజం చెప్పండి, ఎవరైనా పైకి వెళ్ళారా?"

"నా కండ్లు కప్పి ఈగ కూడా పోల్యా" అన్నాడు. అని, ఇంకో రెండు మాటలు తిట్టి వచ్చేశాడు. ఆ మాటలు ఇక్కడ రాయడం బాగుండదు.

ఇంటికి వచ్చేసరికి నంజమ్మ మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరాడదు కాబట్టి కొన్నాళ్ళుగా ఆమె నిద్ర కూర్చునే. చెప్పులు కూడా విప్పకుండా అతను వాకిట్లోంచే మొదలుపెట్టాడు. బోర్డు దొంగది, ఆఫీసరు దొంగ, అందరికంటే పెద్ద దొంగ ఆ పిల్ల, తియ్యగా ఆంటీ ఆంటీ అని గొంతు కోసిపోయింది అన్నాడు.

"ఆ పాపనేమీ అనాకయ్యా" అంది నంజమ్మ. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటోంది. "ఎంత పద్ధతిగల పాప. ఆ కాగితాన్ని ఎట్ల పట్టుకున్నె, పసిబిడ్డను పట్టుకున్నట్ల. మసి పడి అది పాడయితే ఆ పాప ఉద్యోగం పోతాదని నాకే బేజారైపోయి, రాత్రి నేనే పోయి గుడ్డ కప్పి వచ్చినా."

మునినారాయణప్ప ఒక చెప్పు విప్పాడు. రెండోది కాలికే ఉండిపోయింది.

"ఏం గుడ్డ?"

"మన మగ్గం గుడ్డే. ఉతికింది ఇంకోటి ఉన్నెలే. తడిపి, పిండి, మిషన్ మీద అన్ని పక్కలా కట్టినా. గాజు సీసాలకు మాత్రం అడ్డం పెట్టలేదు, పొగ పట్టేవి అవే కదా. నువ్వు వీధిలో ఉంటివి, పెరటి మెట్ల మీద పోయినా. మెట్టు మెట్టుకూ కూసుంటా పోయినా, నీతో చెప్తే ఒప్పుకోవని చెప్పలేదు. పాప వచ్చేలోపలే విప్పేసినా."

"గుడ్డ యాడుండాది?"

"ఉతికేసినా కదా. అబ్బా, ఏం మసి, ఏం మసి. ఎన్ని నీళ్ళు పోసినా నల్లగానే వస్తాండె."

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ దొంగతనమే లేదు, ఇంకెవరిని పట్టుకోవడం? ఇల్లాలు ఇంటికొచ్చిన తెల్లని వస్తువును మసి నుంచి కాపాడింది. ఇన్నాళ్ళూ ఏ మసిని చూపించాలని అతను ఊరంతా తిరిగాడో, ఆ మసినంతా పద్ధతిగా ఒక గుడ్డలో పట్టి, సబ్బు పెట్టి రుద్ది, పెరటి కాలవలో పారబోసింది. పది మెట్లెక్కలేని మనిషి రెండుసార్లు ఎక్కి దిగి మరీ ఆ పని చేసింది. అతనికి కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీద వేయాలో తెలియలేదు. మళ్ళీ చెప్పు తొడుక్కుని సుబ్బరాయుడింటికి పోయి, ఆ పూటంతా అక్కడే గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. సుబ్బరాయుడు ఏమైందప్పా అని అడిగి అడిగి ఊరుకున్నాడు.

మర్నాడు అశోక్‌కుమార్ దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాడు. మళ్ళీ ఒక్కసారి పెట్టండి సార్, ఈసారి నేను మిషన్ కాళ్ళ దగ్గరే పడుకుంటానన్నాడు. ఆఫీసరు పెన్ను మూత తీశాడు, మళ్ళీ పెట్టాడు.

"గుడ్డ ఉందా?" అన్నాడు.

"ఉతికేసింది సార్."

"ఎవరూ ముట్టలేదని సాక్షి సంతకం ఎవరిది?"

"నాదే."

"మునినారాయణప్పా, గాలి కొలిచే మిషన్‌కు అడ్డం పెట్టడం నేరం. మీరు చెప్పింది నేను రాసుకుంటే మొదట కేసు పడేది మీ ఇంటావిడ మీద. ఫ్యాక్టరీ లాయరు ఊరుకుంటాడా? ఈ వీధివాళ్ళు మిషన్లతో ఆడుకునే రకమని, ఇన్నాళ్ళ మీ అర్జీలన్నీ అబద్ధాలని అక్కడే తేల్చేస్తాడు. ఆమెను బోనులో నిలబెడతారు. ఆమె అంతసేపు నిలబడగలదా?" గొంతు తగ్గించి అన్నాడు. "మీ ఇంటి గాలి బాగుందని మీ ఇంటి మిద్దే చెప్పింది. ఇంక మిషన్ పెట్టమంటే పైవాళ్ళు నా మాట వినరు. మీరు చెప్పింది నేను వినలేదనుకోండి. ఇంటికి పొండి."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నా కొంచెం చల్లదనమైనా ఉంటుంది. అతనికి పట్టుకోవడానికి ఆకులు కూడా లేవు. బస్సులో కిటికీ పక్క కూర్చుని, ఆమెకు ఏం చెప్పాలా అని దారి పొడుగునా అబద్ధాలు వెతికాడు. ఆఫీసరు లీవులో ఉన్నాడనొచ్చు. వచ్చే నెల మళ్ళీ మిషన్ వస్తుందనొచ్చు. ఇన్నాళ్ళూ మందులు మింగితే చాలన్న మనిషికి ఇంకొక అబద్ధం ఆడటం ఏమంత కష్టమనిపించింది. ఊరు దగ్గరపడేసరికి ఒకటి ఖాయం చేసుకున్నాడు.

ఇంట్లో మగ్గాలు ఆగి ఉన్నాయి. నంజమ్మ దీపం కూడా వేయలేదు. అతను లోపలికి రాగానే తనే అడిగింది.

"ఆ కాగితంలో పడాల్సిన మసే నా గుడ్డలో పడింది. అంతే కదయ్యా?"

అతను కొక్కేనికి చొక్కా తగిలిస్తూ నిలబడిపోయాడు. దారంతా ఖాయం చేసుకున్న అబద్ధం నోటికి రాలేదు.

"నిన్న నువ్వు గుడ్డ యాడుండాదని అడిగినప్పుడే మనసులో ఏమో ఐంది. పొద్దున సుబ్బరాయన్నను పిలిపించి, మిషన్ ఎట్ల పని చేస్తాదని అడిగినా. ఆయప్ప చెప్పినాడు. చెప్పి తలొంచుకుని పోయినాడు."

"నీకు ఎవరూ చెప్పల్యా" అన్నాడు మునినారాయణప్ప. "తప్పు నాది. మొదట నీకే చెప్పాల్సింది."

ఆమె ఆ మాట పట్టించుకోలేదు. ఊపిరి కూడదీసుకునేదాకా ఆగి అడిగింది.

"ఫ్యాక్టరీకి ఎన్నేండ్లు ఇచ్చిరి?"

"ఐదు."

"ఐదేండ్లు" అంది నంజమ్మ. వేళ్ళు మడిచి చూసుకుంది, రెండు మడిచి ఆగింది. "నాకు డాక్టరు రెండే చెప్పినాడు."

మునినారాయణప్ప తల తిప్పి ఆమెను చూశాడు.

"వరండాలోకి పంపితే ఇనపడదనుకుంటిరా? తలుపు వేయలేదు మీరు. నువ్వు బయటికొచ్చి ఏం లేదంట అన్న్యావు, సరే, నీ సంతోషం ఎందుకు చెడపల్లని ఊరకుంటి. నువ్వు ఆఫీసులు తిరుగుతాంటే, ఏమో, గెలుస్తాడేమో, గాలి మారుతాదేమో అని నాకూ ఆశ ఉన్నె. నాకు సావాలని లేదయ్యా."

ఆ చివరి మాట ఆమె ఏడుస్తూ అనలేదు. కూర ఉడకలేదన్నట్టు అంది. అతను వచ్చి మంచం పట్టె మీద కూర్చుని ఆమె వీపు మీద చెయ్యి వేశాడు. ప్రతి ఊపిరికీ ఆ వీపు ఎంత కష్టపడి లేస్తోందో చేతికి తెలుస్తోంది. బయట ఫ్యాక్టరీ రాత్రిపాళీ సైరన్ మోగింది. నంజమ్మ దగ్గుతూ తలుపు వైపు చెయ్యి చూపింది. అతను లేచి తలుపు వేసి, కింద సందులో గోనెసంచి కుక్కి, మళ్ళీ వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.